ఘాట్ ఎక్కంగనే సూది ఎర్రగీతకు పోతుంది – పాత డీజిల్ బండి, హెడ్డు దించాల్నా వద్దా?

దేవరకొండ_చిన్నోడు
2006 మోడల్ డీజిల్ జీపు బండి, టర్బోది. 2,38,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాస్తలేను, రాస్తే అసలు సంగతి ఇడిసిపెట్టి దాని మీదనే కొట్లాట అయితది. బాపు కొన్న బండి, అమ్ముడు మాటే లేదు.

పోయిన నెల ఎనిమిది మందిమి శ్రీశైలం బయలెల్లినం. డిండి దాంక ఏం లేదు, ఇంజన్ వేడి చూపే సూది సగానికి కిందనే. ఉమామహేశ్వరం పోయే దారి దాటినంక మన్ననూర్ ఘాట్ మొదలైతది కదా, ఆడ రెండో గేరుల పడ్డది. అయిదు నిమిషాలు కాలె, సూది ఎర్రగీత మీద నిలబడ్డది. బానెట్ లేపితే పక్క డబ్బాల నీళ్ళు కుతకుత ఉడుకుతున్నయి. గంటన్నర ఆగినం. రాత్రి 9 కొడితే మన్ననూర్ గేటు మూస్తరని మా మేనత్త గోల ఇంకోదిక్కు.

ఇంటికొచ్చి మెకానిక్‌కు చూపిచ్చిన. థర్మోస్టాట్ (నీళ్ళు కాగినంకనే రేడియేటర్‌కు దారి ఇడిసేది) పీకేసిండు, రేడియేటర్ రాడింగ్ (లోపలి గొట్టాలల్ల పుల్ల ఏసి సాఫ్ చేసుడు) చేయించిండు, వాటర్ పంపు కొత్తది ఏసిండు. 11,400 అయినయి. మళ్ళ అదే ఘాట్‌కు పోయి చూసిన, అదే కథ. ఇప్పుడేమో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగం హెడ్డు కింద ఉండే పట్టీ) పోయింది, హెడ్డు దించాలె, 25 వేలు దగ్గర పెట్టుకో అంటున్నడు. దించాల్నా? బాపుకు ఇంక చెప్పలే.

కోదాడ_బుల్లెట్
మల్లన్న దగ్గరికి పోయేటప్పుడు బండి గూడ ఒక్కపొద్దు ఉండాలె తమ్మీ. నువ్వు ఎనిమిది మందిని ఎక్కిచ్చినవ్, మేనత్తతోని కలిపి.

పాలమూరు_పోరడు
థర్మోస్టాట్ పీకేసుడు మంచిగనే చేసిండు. మన ఎండలకు అది దండుగ. నా బండ్ల పదేండ్ల సంది లేదు. హెడ్డే అయి ఉంటది, దించుండ్రి.

అచ్చంపేట_అక్క
మాది ఆడనే. ఆదివారం పొద్దుగాల ఆ ఘాట్ మొదట్ల బానెట్లు లేపి నిలబడ్డ బండ్లు కనవడ్తనే ఉంటయి. కోతులు ఎక్కి కూసుంటయి గూడ. మల్లోసారి సూది లేస్తుంటే ఏసీ బందు పెట్టి హీటర్ ఫుల్లు తిప్పు, అద్దాలు దించు. లోపల పొయ్యి కాడ కూసున్నట్టు ఉంటది గని సూది దిగుతది.

పాలమూరు_పోరడు
ఏప్రిల్ల హీటరా అక్కా 😂

అచ్చంపేట_అక్క
నవ్వకు. హీటర్ అంటే లోపల ఉన్న ఇంకో చిన్న రేడియేటరే. ఇంజన్ వేడి దాంట్లకెల్లి గూడ బయటికి పోతది. నాలుగు సార్లు గట్లనే వటవర్లపల్లి చేరుకున్న.

స్పానర్_సత్తి
హెడ్డు సంగతి తర్వాత. చిన్నోడా, ముందుగాల నేనడిగిన దానికి సాఫ్‌గ చెప్పు.

1. హైదరాబాద్ రోడ్ల 80ల పోతుంటే సూది ఏడ ఉంటది?
2. ఊర్ల నిలబడి పావుగంట ఇంజన్ నడిస్తే?
3. ఏసీ ఎట్లుంది?
4. రోజూ నీళ్ళు తగ్గుతున్నయా? ఎంత?
5. ఆయిల్ గేజ్ పుల్ల గుంజి చూసినవా?

ఎప్పుడు వేడెక్కుతుందో తెల్వకుండ ఏం పీకినా చీకట్ల రాయి ఇసిరినట్టే. నా షెడ్డుకు వచ్చేటోళ్ళల్ల సగం మంది ఇట్లనే మూడు సామాన్లు మార్పిచ్చి, పైసలు అయిపోయినంక వస్తరు.

నకిరేకల్_నిమ్మకాయ
మన నల్గొండ బోరు నీళ్ళు పోస్తే అంతే. ఫ్లోరైడ్ రేడియేటర్‌ను లోపల్నుంచి తింటది. మనుషుల బొక్కలనే వంచింది, ఇత్తడి ఎంత.

థర్మో_సారు
ఫ్లోరైడ్ మీద ఈ నింద కొంచెం అన్యాయం. అది చేసిన పాపాలు దానికి చాలు. రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా పేరుకునేది కాల్షియం, మెగ్నీషియం. అంటే నీళ్ళు కాగబెట్టే గిన్నెకు పట్టే సున్నమే. ఇంకో విచిత్రం, ఫ్లోరైడ్ బాగా ఎక్కువున్న నీళ్ళల్లో కాల్షియం సాధారణంగా తక్కువే ఉంటుంది, రెండూ కలిస్తే గట్టిపడి కిందకి దిగిపోతాయి కాబట్టి. మన జిల్లా పేరు మీదనే ఉన్న నల్గొండ టెక్నిక్, నాగపూర్ నీరి సంస్థ వాళ్ళది, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి. రేడియేటర్‌కు దానితో పని లేదు. బోరు నీళ్ళు పోయొద్దన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

నకిరేకల్_నిమ్మకాయ
సారు క్లాసు తీసుకుండు. సరే, ఫ్లోరైడ్‌ది తప్పు లేదు, బోరుది తప్పు.

దేవరకొండ_చిన్నోడు
సత్తన్నా, ఇగో:

1. ఏసీ లేకుంటే సగం. ఏసీ ఏస్తే సగానికి జెర మీద.
2. నిలబడితే మెల్లమెల్లగ ఎక్కుతది, ఎర్రగీత దాంక మాత్రం పోదు.
3. ఏసీ ఉరికేటప్పుడు చల్లగ, నిలబడితే ఉత్త గాలి. పోయిన నెల గ్యాస్ నింపించిన, 1,800. ఏం ఫరక్ లేదు.
4. ఉడికి పొంగినప్పుడే తగ్గినయి. ఉత్తప్పుడు తగ్గుతలేవు.
5. ఆయిల్ నల్లగ ఉంది, డీజిల్ బండికి ఉన్నట్టే.

స్పానర్_సత్తి
ఆయిల్ల నీళ్ళు కలిసి పాల చాయ్ లెక్క కాలె. నీళ్ళు ఉత్తగ తగ్గుతలేవు. హెడ్ గ్యాస్కెట్ అని నేనైతే ఇప్పుడే అనను. అయినా కాదని గ్యారంటీ ఇయ్యను, ఇంట్లనే రెండు పరీక్షలు చెయ్యి.

పొద్దుగాల ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్యి. బుడగలు వస్తయా చూడు. ఇంకోటి, మూత పెట్టి సల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి పై హోసు చేత్తోని వొత్తి చూడు. నీళ్ళు ఇంక కాగకముందే, ఒకటి రెండు నిమిషాలల్లనే రాయి లెక్క గట్టివడితే సిలిండర్‌లకెల్లి గ్యాసు నీళ్ళల్లకు పోతున్నట్టు. అప్పుడు ఆ మెకానిక్ చెప్పింది నిజం.

మూత సల్లగ ఉన్నప్పుడే తియ్యాలె. ఇది రెండుసార్లు చదువు.

లారీ_కాకా_మిర్యాలగూడ
సత్తి చెప్పిన ఆఖరు మాట నేను చదువుకోలె అప్పట్ల. 1983, మిర్యాలగూడ మిల్లు నుంచి బియ్యం లోడు. ఘాట్ మీద ఉడికింది. తడి గోనె పట్ట ఏసి మూత తిప్పిన, సగం తిప్పంగనే ఎగిరిపోయింది. కుడి చెయ్యి మోచేతి దాంక తోలు ఊడొచ్చింది. మచ్చ ఇంక ఉన్నది, మనుమడు ఇది ఏ దేశం పటం తాతా అని అడుగుతడు.

ఆ కాలంల బంపర్‌కు కాన్వాస్ నీళ్ళ సంచి యాలాడేది. తాగనీకి అదే, బండికి అదే. ఉడికితే ముప్పావు గంట ఆగుడు, బీడీ, మల్ల ఇంజన్ నడుస్తుండంగనే సన్నటి ధార పోసుడు. సల్లటి నీళ్ళు ఒక్కసారే గుమ్మరిస్తే హెడ్డు చిట్లుతది. మా ఓనరు బండి గట్లనే చిట్లింది, నేను కాదు, ఇంకో డ్రైవరు.

కోదాడ_బుల్లెట్
కాకా "నేను కాదు" అన్నడంటే కాకానే 😄

లారీ_కాకా_మిర్యాలగూడ
నోర్ముయ్యి పోరగా.

దేవరకొండ_చిన్నోడు
పొద్దుగాల చేసిన. మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు వచ్చినయి!! అయిపోయింది అన్నా. బాపుకు చెప్పాల్సిందే.

స్పానర్_సత్తి
ఆగు ఆగు. మొన్ననే రాడింగ్ అయింది, పంపు మారింది. లోపల గాలి చిక్కి ఉంటది, అది గూడ బుడగలే. బండి మూతి ఎత్తున ఉండేటట్టు నిలబెట్టు, హీటర్ ఫుల్లు తిప్పు, మూత తీసే ఉంచి పది పదిహేను నిమిషాలు నడవనీ. గాలి అయితే మెల్లగ ఆగిపోతది, నీళ్ళు దిగుతయి, మళ్ళ పొయ్యి. గ్యాసు అయితే ఆగది, ఎక్సిలేటర్ తొక్కినకొద్దీ ఎక్కువైతది.

దేవరకొండ_చిన్నోడు
ఆగినయి! ముప్పావు లీటరు నీళ్ళు పట్టింది. తొక్కినా మల్ల రాలె. హోసు గూడ మెత్తగనే ఉంది.

థర్మో_సారు
అంటే ఆ రాడింగ్ చేసినవాళ్ళు గాలి తియ్యకుండానే పంపించారన్నమాట. ముప్పావు లీటరు గాలితో నువ్వు రెండోసారి ఘాట్ ఎక్కావు.

సరే, థర్మోస్టాట్ గురించి పోరడితో నాకు పాత పేచీ ఉంది, తేల్చుకుంటా. అది చాలా బండ్లలో 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. కొన్ని ఇంజన్లలో దాని కింద ఇంకో బిళ్ళ ఉంటుంది. పైన రేడియేటర్ దారి తెరుచుకుంటుంటే, కింద ఆ బిళ్ళ బైపాస్ దారి మూసుకుంటూ పోతుంది. నువ్వు మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పంపు తోసిన నీళ్ళల్లో కొంత రేడియేటర్ మొహమే చూడకుండా మళ్ళీ ఇంజన్‌లోకే తిరిగిపోతుంది. వేడి తగ్గాలని పీకింది వేడి పెంచుతుంది.

చెడిపోయిందా లేదా చూడ్డానికి పీకి పారెయ్యక్కర్లేదు. దారం కట్టి గిన్నెలో నీళ్ళల్లో వేలాడదీసి పొయ్యి మీద పెట్టు. నీళ్ళు మరిగేలోపు నోరు తెరవాలి, చల్లారితే మూసుకోవాలి. ఇంట్లో వాళ్ళు వాడే గిన్నె మాత్రం తీసుకోకు.

పాలమూరు_పోరడు
నాది పదేండ్ల సంది నడుస్తుంది సారు. బైపాస్, గీపాస్ ఏం లేదు.

థర్మో_సారు
నీ ఇంజన్‌లో ఆ బిళ్ళ లేకపోవచ్చు, అందుకే నడుస్తుంది. కానీ చలికాలం పొద్దున ఎన్ని కిలోమీటర్లకు నీ సూది లేస్తుంది?

పాలమూరు_పోరడు
భూత్పూర్ నుంచి జడ్చర్ల పోయినంక జెరంత లేస్తది. అయితే ఏంది?

స్పానర్_సత్తి
అయితే అన్ని కిలోమీటర్లు సల్లటి ఇంజన్‌ల డీజిల్ తాగిపిస్తున్నవ్, సిలిండర్ గోడలు గీకుతున్నవ్. సరే, అది నీ పైస.

కోదాడ_బుల్లెట్
నా ముచ్చట గూడ ఏసుకోండ్రి. పాత పెట్రోల్ కారు, సూది ఎప్పుడు సూసినా ఎర్రగ. రెండు థర్మోస్టాట్‌లు, ఒక మూత మార్పిచ్చిన. ఆఖరుకు మీటర్ ఎర్త్ వైరు తుప్పు వట్టింది! ఇంజన్ వేడే కాలె. హెడ్‌లైట్ ఏస్తే సూది ఇంకింత లేస్తుండె, గప్పుడన్న నాకు బుద్ధి రాలె. జ్వరం చూసే గన్ను లాంటిది ఇంజన్‌లకు గూడ వస్తది, గదొకటి కొన్న గిప్పుడు. ఇంట్ల చాయ్, పెనం, పిల్లి, అన్ని చూస్తున్న.

జడ్చర్ల_జీపు
చిన్నోడా, మూత ఏది ఉంది ఇప్పుడు? పాతదేనా?

దేవరకొండ_చిన్నోడు
కాదన్నా. రాడింగ్ కాడ పాతది పోయిందని ఇంకోటి పెట్టిన్రు. దాని మీద ఏం రాసి లేదు.

జడ్చర్ల_జీపు
పారెయ్యి. నీ బండికి ఏ నంబరుదో చూసి అదే తెచ్చుకో, చానా మట్టుకు 0.9 అని ఉంటది. ఆ ఒత్తిడి ఉంటేనే నీళ్ళు 100 కాడ ఉడకకుండ 118 దాంక ఆగుతయి. మన ప్రెషర్ కుక్కర్ లెక్కనే. విజిల్ గుండు పోయిన కుక్కర్‌ల పప్పు ఉడుకుతదా?

అచ్చంపేట_అక్క
కుక్కర్ మాట ఎత్తిన్రు కాబట్టి అడుగుత. సత్తన్నా, ఆ ఏసీ సంగతి ఎవ్వరు పట్టించుకుంటలేరు. నిలబడితే ఉత్త గాలి, ఉరికితే చల్లగ. గ్యాస్ నింపినా ఫరక్ లేదు. అంటే ముందల జాలీకి గాలి అందుతలేదు కదా?

స్పానర్_సత్తి
అక్కా, నేను రాద్దామనుకున్నది నువ్వు రాసినవ్.

చిన్నోడా, ముందల కనవడేది ఏసీ కండెన్సర్. దాని ఎనకాల రేడియేటర్. రెండింటి నడుమ వేలెడంత సందు. ముందల్నుంచి చూస్తే అద్దం లెక్క ఉంటది, నడుమ ఏముందో శివునికెరుక. సెల్లు లైటు ఏసి పైనుంచి సందులకు చూడు. బండ్ల పత్తి తోలినవా ఈ ఏడు?

దేవరకొండ_చిన్నోడు
…తోలిన. దీపావళి నుంచి సంక్రాంతి దాంక. పది కింటాళ్ళకు ఒక ట్రిప్పు, ఎనకాల చిన్న ట్రాలీ కట్టి. మిల్లు కాడ లైన్ల రెండు రెండు రోజులు నిలబడ్డ. ఆడ గాల్ల అంత దూదే ఎగురుతది.

స్పానర్_సత్తి
రాత్రి పూటనే చూడు. రేపటి దాంక ఆగకు.

దేవరకొండ_చిన్నోడు
అన్నా.
దూది పరుపు ఉంది. మన్ను, ఎండిన ఈగలు, తూనీగలు, ఒక ఆకు. రేడియేటర్ ముందు మొహం కింది సగం కనవడనే కనవడది. రాడింగ్ చేసినోళ్ళు లోపల కడిగిన్రు, బయట కండెన్సర్ దించకుండనే బిగించిన్రు అనుకుంట.

నకిరేకల్_నిమ్మకాయ
లోపల సున్నం తీసి బయట పరుపు ఇడిసిపెట్టిన్రు 🙏

లారీ_కాకా_మిర్యాలగూడ
మా మిల్లుల కాడ తౌడు, ఊక. మీ కాడ దూది. ముప్పై ఏండ్లు ఊకతోనే కొట్లాడిన, ఒక్కరు అడగలె.

స్పానర్_సత్తి
కాకా, మిమ్ములనే మొదలు అడగాల్సి ఉండె.

కడిగేటప్పుడు ఇను. సర్వీసింగ్ కాడ జోరు నీళ్ళ పైపు దగ్గర వెట్టి కొడితే సన్న రేకులు వంగిపోతయి, మొత్తం గోడ అయితది. కండెన్సర్ బోల్టులు విప్పి ముందుకు వంచు, పైపులు విప్పకు, గ్యాస్ పోతది. ఇంజన్ దిక్కు నుంచి బయటి దిక్కు నీళ్ళు కొట్టు, మామూలు తోట పైపుతోని. వచ్చిన దారినే పంపాలె. ముందల్నుంచి కొడితే ఇంక లోపలికి దిగుతది.

దేవరకొండ_చిన్నోడు
రెండు గంటలు పట్టింది. ఒక చిన్న బస్తా అయింది. ఏసీ నిలబడినప్పుడు గూడ చల్లగ వస్తుంది ఇప్పుడు, 1,800 ఉత్తగ పోయినయి.

ఇయ్యాల ఘాట్‌కు పోయిన, నలుగురం. ఎర్రగీత దాంక పోలె. గని ముప్పావుకు పోయి ఆడనే కూసున్నది. ఇంకా ఏదో ఉంది.

జడ్చర్ల_జీపు
ఫ్యాన్ చుట్టూత డొప్ప ఉన్నదా?

దేవరకొండ_చిన్నోడు
ఏం డొప్ప?

జడ్చర్ల_జీపు
"ఏం డొప్ప" అన్నవంటే లేదన్నట్టే. ఫ్యాన్ చుట్టూత గుండ్రంగ నల్ల ప్లాస్టిక్ ఉండాలె, ముందు దిక్కు రేడియేటర్‌కు బిగించి. అది లేకుంటే ఫ్యాన్ రేడియేటర్ అంతటికెల్లి గాలి గుంజది, ఉన్న కాడ ఉన్న గాలినే గిర్రగిర్ర తిప్పుతది. 80ల పోతుంటే గాలి దాని అంతట అదే తోసుకొస్తది, తెల్వది. ఘాట్‌ల రెండో గేరు, స్పీడు ఉండది, బరువు నిండ. ఫ్యాన్ ఒక్కటే దిక్కు. నీకు ఘాట్‌లనే ఎందుకు ఎక్కుతుందో ఇప్పుడు సమజ్ అయిందా?

స్పానర్_సత్తి
కరెక్ట్. ఫ్యాన్ నడుమ గుండ్రటి బుర్ర, విస్కస్ క్లచ్ ఉంటే అది గూడ చూడు. బాగ వేడి ఉన్నప్పుడు ఇంజన్ బందు చేసి, ఫ్యాన్ పూర్తిగ ఆగినంక చేత్తోని తిప్పు. జిడ్డుగ ఆగుతూ తిరగాలె. సైకిల్ చక్రం లెక్క నాలుగు రౌండ్లు కొట్టిందంటే లోపల సిలికాన్ ఆయిల్ పోయింది. ఇంజన్ నడిచేటప్పుడు చెయ్యి వెట్టకు, చెప్తున్న.

దేవరకొండ_చిన్నోడు
ఫ్యాన్ మంచిగనే జిడ్డుగ తిరుగుతుంది.

డొప్ప సంగతి. పోయినేడు ఎండకాలం బెల్టు మార్చినప్పుడు అడ్డం వస్తుందని విప్పిన్రు, మల్ల బిగించలె. డిక్కీల వేసి ఇచ్చిన్రు. ఇంట్ల అడిగితే అమ్మ పెరట్లకు తీసుకపోయి చూపిచ్చింది. బోర్లేసి, పైన పాత చాప కప్పి, లోపల కోడి పొదుగుతుంది. పన్నెండు గుడ్లు.

కోదాడ_బుల్లెట్
😂😂😂 టర్బో కోళ్ళు.

అచ్చంపేట_అక్క
పిల్లలు లేసేదాంక ఆగు మరి. 21 రోజులు.

దేవరకొండ_చిన్నోడు
అమ్మ గూడ అదే అంటుంది. ఎనిమిది రోజులు అయినయంట. నేను బతిమాలి ఒక గంప తెచ్చి ఇచ్చిన, రాత్రి పూట గుడ్లతోని మార్చినం. కోడి నన్ను పొడిచింది.

పాలమూరు_పోరడు
హెడ్డు దించుమన్న నా మాట ఎనకకు తీసుకుంటున్న. థర్మోస్టాట్ మాట మాత్రం తీసుకోను.

జడ్చర్ల_జీపు
మల్ల నీళ్ళు పోసేటప్పుడు ఉత్త నీళ్ళు పోయకు. సగం కూలెంటు, సగం బ్యాటరీల పోసే నీళ్ళు.

నకిరేకల్_నిమ్మకాయ
కూలెంటు సలి దేశాలోళ్ళకు కదా? మనకు గడ్డ కట్టేదెక్కడ.

థర్మో_సారు
ఒక మాట మీ వైపు ఒప్పుకుంటా. వేడి మోసుకుపోవడంలో ఉత్త నీళ్ళే మేలు, కూలెంటు కలిపితే ఆ శక్తి కొంచెం తగ్గుతుంది. కానీ అందులో తుప్పు పట్టకుండా ఆపే మందులు ఉంటాయి, ఉడికే డిగ్రీలు కూడా కొంచెం పెరుగుతాయి. ఉత్త నీళ్ళతో పంపు రెక్కలు, హెడ్డు దారులు ఏళ్ళ తరబడి తుప్పు తింటాయి. రంగు చూసి కలపొద్దు, ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు.

అచ్చంపేట_అక్క
పాతది తీసి పెరట్ల పారవొయ్యకు. తియ్యగ ఉంటదని కుక్కలు, మేకలు నాకుతయి. విషం అది. నీకైతే కోళ్ళు గూడ ఉన్నయి.

దేవరకొండ_చిన్నోడు
అందరికి చెప్పాలె కాబట్టి రాస్తున్న. డొప్ప బిగించిన, రెండు క్లిప్పులు ఇరిగితే తీగ కట్టిన. థర్మోస్టాట్ కొత్తది, గిన్నెల ఉడకబెట్టి చూసి ఏసిన (పోరడన్నా మాఫ్ చెయ్యి). 0.9 మూత. కూలెంటు సగం సగం. మూతి ఎత్తున పెట్టి గాలి తీసిన.

ఆదివారం మల్ల ఎనిమిది మందిమి, మేనత్తతోని కలిపి. ఎండ 41. మన్ననూర్ మీదికి ఏసీ ఏసే ఎక్కిన. సూది సగానికి ఒక గీత మీద, అంతే. పైన ఆపి బుల్లెట్ అన్న చెప్పిన గన్నుతోని థర్మోస్టాట్ డబ్బా మీద చూసిన, 93. ఫరహాబాద్ దాటి దోమలపెంట దాంక అంతే.

ఈసారి ఖర్చు: థర్మోస్టాట్, మూత, కూలెంటు, బ్యాటరీ నీళ్ళు కలిపి 2,150. కోళ్ళ గంప 250. గంప గూడ బండి లెక్కలనే రాసిన.

బాపుకు చెప్పిన. "సంక్రాంతి నాడే దులుపుమన్న కదరా" అన్నడు.

లారీ_కాకా_మిర్యాలగూడ
బాపుతోని ఒకసారి మాట్లాడిపియ్యి.

నకిరేకల్_నిమ్మకాయ
ఇదే దాంట్ల అడుగుత, వేరేది పెట్టను. మా ట్రాక్టర్ కేజీవీల్స్ ఏసి కరిగెట్ల దున్నితే గంటకే ఉడుకుతుంది. రోడ్డు మీద ఏం ఉండది. హెడ్డు అయి ఉంటదా?

స్పానర్_సత్తి
ముందల జాలీ తీసి చూసినవా?

నకిరేకల్_నిమ్మకాయ
…పోయి చూసొస్త.